హీరో, వీరుడు

హీరో అనే ఇంగ్లీషు మాటకు నరసరావుపేటలోనైనా మాచర్లలోనైనా ఎవరికీ అర్థం చెప్పనక్కర్లేదు. కొత్త చొక్కా తొడుక్కున్న కుర్రాణ్ణి 'ఏం హీరో' అని పలకరిస్తాం. నలుగురి మధ్యకొచ్చి జబ్బలు చరుచుకునేవాణ్ణి 'పెద్ద హీరోలా వచ్చాడు' అంటాం. పదిమందిలో తానొక్కడే కనబడేవాడు, చివరికి గెలిచేవాడు హీరో. ఈ అర్థం మనకు సినిమా నేర్పింది. కానీ ఆ మాట పుట్టిన గ్రీకుల పూజల్లో దాని దారి వేరు. అక్కడ హీరో అంటే చనిపోయినవాడు. సమాధి దగ్గర బలులిచ్చి, ఊరిని కాస్తాడని జనం కొలిచినవాడు. ఆ పాత అర్థానికి అతి దగ్గరగా ఉన్నది మన సినిమా హాలు కాదు, పల్నాటిలోని కారంపూడి వీరుల గుడి.

నాగులేటి ఒడ్డున ఏటా కార్తీక అమావాస్యకు మొదలై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు వీరారాధన సాగుతుంది. ఆచారవంతులు వీరుల ఆయుధాలైన కొణతాలు పట్టుకొస్తారు, వీరవిద్యావంతులు కథ పాడతారు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో ఎవరు గెలిచారని అక్కడ ఎవరూ అడగరు. బాలచంద్రుడు యుద్ధంలో నేలకొరిగాడు. బతికి మిగిలిన అతని తండ్రి బ్రహ్మనాయుడు రాజ్యమేలలేదు, గుత్తికొండ బిలంలోకి తపస్సుకు వెళ్లాడంటుంది కథ. మొక్కు గెలుపుకు కాదు, మాట కోసం ప్రాణం ఒడ్డినందుకు. పైగా హీరో అనే పేరు తనంతట తాను తగిలించుకోవచ్చు. వీరుడనే పేరు పోయినవాడికి ఉన్నవాళ్లు పెట్టాలి, పెట్టి ఏడాదికోసారి తలుచుకోవాలి.

మాటల అర్థాలు మారడం సహజమే, దానికి బెంగెందుకు అనవచ్చు. ఈ కథలో చరిత్ర ఎంతో తేలలేదనీ అనవచ్చు. నిజమే, శ్రీనాథుడి పేరుమీద ఉన్న ద్విపద కూడా యుద్ధం తర్వాత రెండు వందల ఏళ్లు దాటాక వచ్చినదే. కానీ పూజ నిలబడింది తేదీల మీద కాదు. అన్నిటికన్నా బరువైన అభ్యంతరం మరొకటి ఉంది: కక్షలతో ఇన్ని కుటుంబాలు నష్టపోయిన పల్నాటి సీమలో కత్తులకు పూజ చేయడం పగకు నీళ్లు పోసినట్టు కాదా? ఇది తోసిపారేయదగ్గ ప్రశ్న కాదు. దీనికి జవాబు ఆ ఆరాధనలోనే ఉంది. మందపోరు నాడు జరిగేది చాపకూడు. కులం అడగకుండా అందరూ ఒకే చాప మీద కూర్చుని తినడం. మాల కులంలో పుట్టిన కన్నమదాసును బ్రహ్మనాయుడు కొడుకుగా, సేనానిగా చేసుకున్నాడని చెప్పే కథకు అది తగిన ఆచారం. పగను పెంచేది వీరుణ్ణి తలవడం కాదు, ప్రతివాడూ తన వీధికి తానే హీరో కావాలనుకోవడం. ఈసారి కార్తీక అమావాస్యకు కారంపూడి వెళ్లేవారు పిల్లలకు కొణతాలు చూపించి ఊరుకోకండి. చాపకూటి పంక్తిలో పక్కన కూర్చోబెట్టుకుని కన్నమదాసు ఎవరో చెప్పండి.