విశ్వాసమా, శోధనా?

"దేవుణ్ణి నమ్ముతున్నాను" అని చెప్పడం సులువే. అలవాటైన చోటు వదిలి రమ్మన్నప్పుడే ఆ మాట నిజమో కాదో తెలుస్తుంది. అబ్రాహాము హారాను నుండి బయలుదేరేటప్పటికి ఆయన వయస్సు 75 ఏళ్లు.

అయితే నాకొక సందేహం. భయమేసే పని ఏది చేసినా విశ్వాసమేనా? కాదనుకుంటాను. దేవాలయ శిఖరం మీద నుండి దూకమని సాతాను అన్నప్పుడు యేసు ప్రభువు దూకలేదు. అలా దూకడం దేవుణ్ణి శోధించడమే. చదవకుండా పరీక్షకు వెళ్లి "దేవుడే చూసుకుంటాడులే" అనడం కూడా అలాంటిదే.

మరి తేడా ఎలా తెలుస్తుంది? మన తమిళనాడులోనే ఒక ఉదాహరణ ఉంది. ఐడా స్కడర్ 1870లో రాణిపేటలో పుట్టారు. తల్లిదండ్రులు అమెరికన్ మిషనరీలు. ఇండియాలో ఉండిపోవడం మాత్రం ఆమెకు ఇష్టం లేదు. ఒక రాత్రి ముగ్గురు మనుషులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యల్ని కాపాడమని ఆమెను అడిగారు. ఆమె డాక్టరు కాదు. డాక్టరైన ఆమె తండ్రి వస్తానంటే, పరాయి మగవాడని వాళ్లు ఒప్పుకోలేదు. తెల్లారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఐడా అమెరికా వెళ్లి, 1899లో వైద్యవిద్య పూర్తి చేసి, 1900లో వేలూరులో ఒకే మంచంతో వైద్యం మొదలుపెట్టారు. ఈనాటి సి.ఎం.సి. ఆసుపత్రి అలా పుట్టిందే.

శిఖరం కింద సాయం కోసం ఎవరూ ఎదురుచూడలేదు. ఆ మూడు ఇళ్లలో ఎదురుచూశారు. తేడా అక్కడే ఉందని నా అభిప్రాయం. పైగా ఆమె ప్రార్థన చేసి ఊరుకోలేదు, కష్టపడి చదివారు కూడా.

కాబట్టి ముందుకు వెళ్లాలా వద్దా అని తోచనప్పుడు, అక్కడ మన అవసరం ఎవరికుందో చూడాలి. ఉంటే, భయం పోయేదాకా ఆగకుండా దేవుని మీద భారం వేసి బయలుదేరాలి.