నాలుగో నంబరు పెట్టె

బోయిగూడ కలప అడితుల నడుమ ఒక వడ్రంగి ఉండేవాడు. సికింద్రాబాద్‌లో కూల్చేస్తున్న ఒక పాత ఇంటి నుంచి బర్మా టేకు దూలం ఒకటి అతని చేతికొచ్చింది. కోసి చూస్తే లోపలి చేవ తేనె రంగులో ఉంది. ఏనాడో ఇనుప మేకులు దిగిన చోటల్లా నల్లటి మరక కట్టెలోకి ఇంకిపోయింది. మామూలుగా అలాంటి ముక్కను తీసి పారేస్తారు. ఇతను మాత్రం ఒక్కో నగల పెట్టె మూతకు ఒక్కో మేకు మరక వచ్చేలా దూలాన్ని కోసుకున్నాడు. పది పెట్టెలయ్యాయి. మూతల లోపల ఒకటి నుంచి పది దాకా అంకెలు చెక్కి, మిగిలిన ముక్కలన్నీ పొయ్యిలో పెట్టేశాడు. "దూలం అయిపోయింది. ఇక ఇట్లాంటి పెట్టె చెయ్య" అని కొన్నవాళ్లందరికీ చెప్పాడు.

మొదట ఒక్కో పెట్టె రెండు వేలకు పోయింది. నాలుగేళ్లు తిరిగేసరికి అదే పెట్టె ముప్ఫై వేలకు చేతులు మారుతోందని అడితిలో చెప్పుకున్నారు. కొడుకు మనసు నిలవలేదు.

"నాయినా, పైసలన్నీ వేరేటోళ్ల జేబుల్లకు పోతున్నయి. డిపోల టేకున్నది, మన చేతిల పనున్నది. ఇంకో పది చేస్తే ఎవరికి తెలుస్తది?"

"తెల్వకపోవచ్చు బిడ్డా. గని కట్టెకు, కూలికి రెండు వేలు నేను తీసుకున్న. మిగిలిందంత వాళ్లు నా మాట మీద పెడుతున్నరు. ఆ మాట మల్ల అమ్ముకుంటనా?"

తండ్రి పోయాక కొడుకు ఆగలేదు. కొత్త టేకుకు మేకులు కొట్టి పీకి, తుప్పు నీళ్లు పూసి, పాత అంకెలే చెక్కి అమ్మాడు. ఒక పెళ్లిలో ఇద్దరి మాటల్లో ఈ పెట్టెల ప్రస్తావన వచ్చింది. ఇద్దరి దగ్గరా ఉన్నది నాలుగో నంబరే. వాళ్లలో ఒకరు రైల్వేలో రిటైరైన పెద్దాయన. రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టి, మూత లోపలి వైపు మరకను సన్న ఉలితో గీశాడు. ఒకదాంట్లో నలుపు ఎంత గీసినా లోపలికి పోతూనే ఉంది. రెండోదాంట్లో ఒక్క గీతకే కొత్త కట్టె బయటపడింది.

ఆ సంగతి ఊరంతా పాకింది. నకిలీవే కాదు, తండ్రి చేసిన అసలు పెట్టెలను కూడా అడిగేవాళ్లు లేకుండా పోయారు. తీసుకున్న డబ్బు తిరిగివ్వడానికి కొడుకు తండ్రి రంపాలు అమ్ముకున్నాడు.

నీతి: అరుదైన వస్తువుకు ధర తెచ్చేది ఆ కొరత నిజమన్న నమ్మకం. ఆ నమ్మకాన్ని కాపాడలేనివాడు కొరత పేరు చెప్పి అమ్మకూడదు.

ఇలాంటి అరుదైన వస్తువులను వేలు, లక్షలు పోసి కొనేవాళ్లను పిచ్చివాళ్లంటారు. నేను అనను. 1948లో గాంధీజీ బొమ్మతో వచ్చిన పది రూపాయల తపాలా బిళ్లల్లో గవర్నర్ జనరల్ కార్యాలయం కోసం 'సర్వీస్' అని ముద్రవేసినవి వంద మాత్రమే. వాటిలో నాలుగు బిళ్లల వరస 2017లో 5 లక్షల పౌండ్లకు అమ్ముడైంది. ఆ వంద నూటొకటి కాదన్న భరోసాకే అంత ధర.

మన హైదరాబాద్ సంగతే చూడండి. 1922 మే 20న ఫ్రాన్స్ తీరానికి దగ్గర్లో మునిగిన ఎస్.ఎస్. ఈజిప్ట్ ఓడలో బంగారం, వెండితో పాటు నిజాం ప్రభుత్వానికి రావలసిన నోట్లూ ఉన్నాయి. పదేళ్ల తర్వాత ఇటలీ గజ ఈతగాళ్లు బంగారం పైకి తీస్తుంటే ఆ నోట్లూ బయటపడ్డాయి. వాటి మీద సంతకాలు పడనేలేదు, అంటే డబ్బుగా చెల్లవు. అయినా నోట్లు సేకరించేవాళ్లు వాటిని వెతికి మరీ కొంటారు. అచ్చుయంత్రం మరో లక్ష నోట్లు వేయగలదు కానీ, సముద్రంలో అన్నేళ్లు మునిగిన నోటును వేయలేదు. వడ్రంగి దూలంలోని మేకు మరకకూ అంతే విలువ.

ఈ రోజుల్లో వాచీల నుంచి బొమ్మ కార్ల దాకా ప్రతిదాని డబ్బా మీదా 'లిమిటెడ్ ఎడిషన్' అంటూ అంకె వేసి అమ్ముతున్నారు. కొనే ముందు ఆ అంకె ఒక్కటే చూసి డబ్బు తీయకండి. అది వేసినవాళ్లు ఇదివరకు చేసిన సరుకు విషయంలో చెప్పిన లెక్క దగ్గర ఆగారో లేదో కనుక్కోండి.