శేషాన్నము – గృహధర్మము

బ్రహ్మచారియు సన్న్యాసియు భిక్షకై గృహస్థుని వాకిట నిలుచుదురు. అతిథియు, అనాథయు, ఆకలిగొన్న పశుపక్ష్యాదులును ఆ వాకిటికే వచ్చును. అందువలననే గృహస్థాశ్రమము తక్కిన ఆశ్రమములకు ఆధారమని ధర్మశాస్త్రములు కొనియాడినవి. కావున ఒక గృహస్థుని ధర్మమును తెలిసికొనగోరువారు అతని పూజామందిరముతోపాటు వంటయింటిని గూడ చూడవలయును. పూజామందిరమున భగవంతుని యెదుట అందరును వినయముతోనే ఉందురు. ఆ వినయము నిజమైనదా కాదా యనునది వంటయింటిలో ఒకరియెడ నొకరు ప్రవర్తించు తీరును బట్టి తేలును. ఈ పరీక్ష నిత్యము జరుగునదే యైనను పండుగనాడు మిక్కిలి స్పష్టమగును.

హైదరాబాదునకు తూర్పున వరంగల్లు రహదారిపై నున్న ఘట్‌కేసర్ ప్రాంతమును నిదర్శనముగ గైకొనవచ్చును. యాదగిరిగుట్టపై వెలసిన శ్రీలక్ష్మీనరసింహస్వామిని సేవింపబోవు యాత్రికులనేకులు ఈ ఊరి మీదుగనే పోవుదురు. దీనికి చేరువనున్న ఏదులాబాద్ గ్రామమున గోదాదేవి శ్రీరంగనాయకస్వామితో కొలువై యున్నది. ఇచటి ఇండ్లలో సంవత్సరము పొడవునను ఏ పండుగకు ఆ వంట కలదు. ఉగాదికి భక్ష్యములు; శ్రీరామనవమికి పానకము, వడపప్పు; సద్దుల బతుకమ్మకు నువ్వులు, పెరుగు, చింతపండు, కొబ్బరి వేరువేరుగ కలిపిన సద్దులు, మలీద ముద్దలు; ధనుర్మాసమున వేకువనే పొంగలి, దద్ధ్యోదనము; సంక్రాంతికి అరిసెలు, సకినాలు.

వీనిలో సకినాలది ప్రత్యేకమైన కథ. కొత్తబియ్యమును నానబెట్టి, తడి యారకముందే పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు చేర్చి కలుపుదురు. శుభ్రమైన వస్త్రమును నేలపై పరచి, పిండిని వ్రేళ్ళతో మెలిపెట్టుచు చుట్టు వెంబడి చుట్టుగా అల్లుదురు. అవి కొంత యారిన పిదప విరుగకుండ లేపి నూనెలో వేయింతురు. ఇది ఒక్కరి చేతితో తెమలు పని కాదు. కావుననే ఇరుగుపొరుగు స్త్రీలు ఒకనాడు ఒకరి యింట, మరునాడు మరొకరి యింట చేరి, మాటలాడుకొనుచు, పాటలు పాడుకొనుచు ఈ పని ముగించుట ఆచారముగ నుండెను. శ్రమ యుండెను గాని అది పదిమంది శ్రమ. ఆ వంటలో రుచితోపాటు పొత్తు కూడ కలిసి యుండెను.

నేడు ఆ ప్రాంతపు జీవనము మారినది. పోచారమున సాఫ్ట్‌వేర్ సంస్థల భవనములు లేచినవి. ఉప్పల్, నాచారము మొదలుకొని తూర్పు వైపంతయు నగరము విస్తరించినది. స్త్రీలును ఉద్యోగములు చేయుచున్నారు. అట్టి చోట ఒక యింటిని ఊహింపవచ్చును. అత్తగారికి డెబ్బది యేండ్లు, మోకాళ్ళు వంగవు. కోడలు ఉద్యోగమునుండి రాత్రి ఎనిమిది గంటలకు గాని ఇల్లు చేరదు. భోగికి రెండు దినముల ముందు ఆమె దారిలో దుకాణము కడ ఆగి సకినాలు, అరిసెలు పొట్లములు కట్టించుకొని వచ్చినది. అత్తగారు వానిని చూచి, "అంగడిలో కొన్నవి పెరుమాళ్ళకు ఆరగింపు చేయుట యెట్లమ్మా?" అన్నది. "ఇంట చేయుటకు నాకు తీరిక ఏదీ అత్తమ్మా?" అని కోడలు కన్నీరు పెట్టుకొన్నది. అత్తగారికిని కంట నీరు తిరిగినది. తన చేతులు ఇక దేనికిని పనికిరావని ఆ పొట్లములే తనతో చెప్పినట్లు ఆమెకు తోచినది. కుమారుడు ఇరువురి మాటలును విని, ఏమియు పలుకక వార్తాపత్రిక తెరచెను.

ఇందు తప్పెవ్వరిది? త్వరపడి తీర్పు చెప్పుట తగదు. ముందుగ అత్తగారి సంశయమును విచారింపవలయును. అది కేవలము మొండితనము కాదు. భగవద్రామానుజులు శ్రీభాష్యారంభమున ఉపాసకునకు కావలసిన ఏడు సాధనములను పేర్కొనిరి. అవి వివేకము, విమోకము, అభ్యాసము, క్రియ, కల్యాణము, అనవసాదము, అనుద్ధర్షము. వీనిలో మొదటిదైన వివేకమనగా దోషరహితమైన అన్నముచే దేహమును శుద్ధముగ నుంచుకొనుట. ఆ దోషములు మూడు విధములు. పదార్థము స్వభావముచేతనే నిషిద్ధమగుట జాతిదోషము. అన్నము ఎవరిదో వారివలన వచ్చునది ఆశ్రయదోషము. ఎంగిలి, కేశము మున్నగువాని స్పర్శచే కలుగునది నిమిత్తదోషము. అంగడి పదార్థమున ఏ నూనె వాడిరో, ఏ తీరున చేసిరో కొన్నవారికి తెలియదు. కావున ఆ పెద్దావిడ సంశయించుటకు శాస్త్రాధారము కలదు.

అయితే ఆ శాస్త్రమునే ఇంకొక అడుగు ముందుకు కొనిపోవలయును. అంగడి యన్నమునకు ఆశ్రయము అంగడివాడు. ఇంటి యన్నమునకు ఆశ్రయము గృహస్థుడు. అంగడివాని శుద్ధిని శంకించువారు గృహస్థుని శుద్ధిని శంకింపనక్కరలేదా? పగలెల్ల ఉద్యోగమున అలసిన స్త్రీని అర్ధరాత్రి వరకు ఒంటరిగ పొయ్యి యెదుట నిలిపి, తాను నిద్రించి, ఉదయమున పట్టుపంచె కట్టి ఆ వంటనే నివేదించు గృహస్థుని యింట జాతిదోషము లేకపోవచ్చును, నిమిత్తదోషము లేకపోవచ్చును. ఆశ్రయదోషము లేదని మాత్రము చెప్పగలమా? ఆ యేడు సాధనములలో చివరి రెండును ఇచట స్మరింపదగినవి. అనవసాదమనగా మనస్సు క్రుంగిపోకుండుట. అనుద్ధర్షమనగా సంతోషముచే మితిమీరకుండుట. ఒకే యింటిలో ఒకరు క్రుంగి, తక్కినవారు సంతోషముచే మైమరచినచో ఆ పండుగ రెండు సాధనములను ఒక్కమారే పోగొట్టినదగును.

ఇక ఎవరు ఎప్పుడు భుజింపవలయుననునది. "ఇంటి ఇల్లాలు అందరికిని వడ్డించి కడపట తినవలయును, అది ధర్మము" అని అనేకులందురు. మనుస్మృతి మూడవ యధ్యాయమున భోజనక్రమము చెప్పబడినది. కొత్తగా వివాహమైన స్త్రీలను, బాలికలను, రోగులను, గర్భిణులను అతిథులకంటెను ముందే, మరొక ఆలోచన లేక భుజింపజేయవలయును. పిదప అతిథులు, ఆపై తనవారును సేవకులును. అందరును భుజించిన పిదప మిగిలినదానిని దంపతులు భుజింపవలయును. ఇచట వ్యాకరణము నెరిగినవారు గమనింపదగిన విశేషమొకటి కలదు. 'దంపతీ' యను పదమును, దానికి చేరిన క్రియాపదమును ద్వివచనమున నున్నవి. ద్వివచనము ఇరువురిని చెప్పును. కడపట భుజింపవలసినది భార్య యొక్కతెయే కాదు, భార్యాభర్తలిరువురును. అంతేకాదు, ఆ వెనుకనే గృహస్థుడు శేషభోజి కావలయునని పురుషునకే విధి చేయబడినది. తనకొరకే వండుకొనువాడు పాపమునే భుజించుననెడు మాట అచటను కలదు, గీతయందు మూడవ యధ్యాయమునను కలదు.

భర్త భుజించిన పిదపనే భార్య భుజింపవలయునని పలుకు వచనములును కలవు గదా యని యెవ్వరైన అడుగవచ్చును. అందరును తృప్తిపడిన పిదప భర్త కూర్చుండి, అతనికి వడ్డించి వెనువెంటనే ఆమె కూర్చుండుటలో ఎవరికిని బాధ లేదు. పురుషులందరును మధ్యాహ్నమునకే భుజించి నిద్రింపగా, మూడవ జామున ఆమె యొక్కతె చల్లారిన పులుసు, అడుగంటిన పాయసము ముందిడుకొని కూర్చుండుటను మాత్రము ఏ వచనమును కోరలేదు.

ఇట్టి సందేహమున గోదాదేవి పుట్టినిల్లే మార్గము చూపగలదు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదయందు విష్ణుచిత్తుని అతిథిసత్కారమును వర్ణించినాడు. జడివాన పట్టిన దినములలోను ఆ యింట భాగవతులకు వరియన్నము, పప్పు, నాలుగైదు కూరలు, వడియములు, వరుగులు, పెరుగు, నేయి సమృద్ధిగ లభించును. అయితే ఆ పద్యములో భోజనపదార్థములకంటెను విలువైన మాట యొకటి కలదు. వంట చేయు భార్య కన్నులకు పొగ సోకకుండ కొబ్బరి వంటచెరకును వాడుదురట. వడ్డించువాడు విష్ణుచిత్తుడే. రాజ్యమేలిన రాయల దృష్టి ఒక వంటయింటి పొగమీద, ఆ పొగవలన బాధపడు కన్నులమీద నిలిచినది. అతిథిని దేవునిగా భావించుట గొప్పదే; అతిథికై వండువారి కన్నులను మరువకుండుట అంతకు తక్కువది కాదు. అట్టి యింట పెరిగినది కనుకనే గోదాదేవి తిరుప్పావై ఇరువదియేడవ పాశురమున మోచేతివరకు నేయి కారు పాలబువ్వను కోరుచు, దానిని ఒంటరిగ కోరలేదు. అందరును కూడియుండి చల్లబడవలయునని కోరినది.

శేషమను పదమునకు శ్రీవైష్ణవ సంప్రదాయమున మరొక లోతైన అర్థము కలదు. పరుని అతిశయమునకై యుండుటయే తన స్వరూపముగ కలది శేషమని రామానుజులు నిర్వచించిరి. భగవంతుడు శేషి, జీవులందరును శేషభూతులు. ఈ విషయమున స్త్రీపురుష భేదము లేదు. ఇంటిలో ఒకరు శేషియై కూర్చుండి, మరొకరిని శేషముగ నిలుపుట ఆ సిద్ధాంతమునకే విరుద్ధము. ఇష్టముతో చేసినది కైంకర్యమై హృదయమును వికసింపజేయును. బలవంతముచే చేయించినది వెట్టిచాకిరి యగును. పైకి రెండును ఒకే వంటగ కనబడవచ్చును. అంతర్యామికి భేదము తెలియకపోదు.

వంట పురుషుల పని కాదను మాటకును మన ఆలయములే సమాధానము చెప్పుచున్నవి. తిరుమల శ్రీవారి పోటులో పొయ్యి యెదుట నిలిచి ప్రసాదములు సిద్ధపరచువారు పురుషులే. ఆ పొగను, ఆ వేడిని వారు భాగ్యముగ భావింతురు. ఆలయమున కైంకర్యమైనది ఇంటిలో చిన్నతనమెట్లగును?

మరల ఆ యింటికి వత్తము. అచట మాటలాడవలసినవాడు మాటలాడలేదు, లేవవలసినవాడు లేవలేదు. అత్తగారి సంశయమును తీర్చుటయు, కోడలి శ్రమను తగ్గించుటయు ఆ కుమారుని చేతిలోనే ఉండెను. అతడు పత్రిక మడచి లేచెననుకొనుడు. మరునాడు బియ్యము నానబెట్టి, గిరిణీకి కొనిపోయి తడిపిండి పట్టించి తెచ్చును. పైయంతస్తు వారిని పిలుచును. అత్తగారు కుర్చీలో కూర్చుండి మొదటి సకినము తాను అల్లి చూపును. కోడలు కొన్ని అల్లును, మనుమరాలు కొన్ని వంకరగ అల్లును. అతడు పొయ్యి యొద్ద నిలిచి వేయించును. కొన్ని విరుగును. ముప్పది సకినాలు కాగానే చాలునని లేతురు. కొన్న పొట్లములను పారవేయనక్కరలేదు. ఇంటికి వచ్చిన బిడ్డలకు పెట్టవచ్చును. అదియు చేయ వీలుకాని యేట ఒక పండు, ఒక తులసీదళము చాలును. పత్రము, పుష్పము, ఫలము, తోయము భక్తితో సమర్పించినచో స్వీకరింతునని స్వామియే గీతయందు సెలవిచ్చినాడు. సకినాలు లేకున్న పెరుమాళ్ళకు కొరత లేదు. ఆ యింటివారు కలిసి కూర్చుండకున్న వారికే కొరత.

తాను చేయలేకపోతినను చింత కోడలికిని వలదు, అత్తగారికిని వలదు. గోదాదేవి సుందరబాహుస్వామికి నూరు గిన్నెల వెన్నయు, నూరు గిన్నెల అక్కారవడిసలును సమర్పింతునని మ్రొక్కుకొన్నది. ఆ మ్రొక్కు తీరక మిగిలియుండగా, తరువాతి కాలమున రామానుజులు దానిని చెల్లించిరనియు, వారు శ్రీవిల్లిపుత్తూరునకు రాగా ఆమె "అన్నా" యని పిలిచెననియు సంప్రదాయము. సన్న్యాసియైన ఆచార్యుడు ఒక కన్యక చేయలేకపోయిన పాయసమును తన బాధ్యతగ స్వీకరించి ఆమెకు అన్నయైనాడు. ఇంటిలో ఒకరు ఎత్తలేని బరువును మరొకరు ఎత్తుకొనుటయే బంధుత్వము.

కావున ఈ సంక్రాంతికి ఆరగింపు ముగిసి తీర్థప్రసాదములు స్వీకరించిన పిదప, ప్రతి గృహస్థుడును ఆకు ముందు కూర్చుండుటకు ముందొక్కమారు వంటయింటివైపు చూడవలయును. అచట ఇంకను ఆకలితో నిలిచియున్నవారెవరని అడుగవలయును. వారితో కలిసి కడపట భుజించిన మెతుకే నిజమైన శేషాన్నము.