తనిఖీ పుస్తకంలో లేని గడి

నైతికత గురించి రాసేటప్పుడు మనం పెద్ద సందర్భాలనే తీసుకుంటాం. యుద్ధం, అత్యాచారం, మరణశిక్ష. ఓ అధికారి వచ్చి, రిజిస్టరు తిరగేసి, సంతకం పెట్టి వెళ్ళిపోయే మామూలు తనిఖీలో నైతిక ప్రశ్న ఏముంటుందనుకుంటాం. ఇళ్ళ సెప్టిక్ ట్యాంకుల నుంచి తోడుకొచ్చిన మలవ్యర్థాన్ని నిలవచేసే ఒక కేంద్రంలో అలాంటి తనిఖీ చూశాక, అసలు ప్రశ్న అక్కడే ఉందేమో అనిపిస్తోంది.

కాలుష్య నియంత్రణలో ఇంజనీరుగా పనిచేసే స్నేహితురాలితో కలిసి వెళ్ళాను. ఊరి శివారు, చుట్టూ కంచె. ఆమె ఒక్కొక్కటే చూస్తూ ఫారం నింపింది. గట్టు ఎంత ఎత్తుంది, వానొస్తే పొంగుతుందా, గుంట అడుగున పరిచిన పొర చిరిగిందా, దగ్గర్లో బోరుబావి ఉందా, ఈ నెల ఎన్ని బండ్లొచ్చాయి. బయటికి వదిలే నీటి నమూనా తీసింది. ఇలాంటి చోటికి వెళ్ళే అధికారాన్ని 1974 నాటి నీటి కాలుష్య చట్టం ఇచ్చింది. కోర్టులో సాక్ష్యంగా నిలబడాలంటే నమూనా ఎలా తీయాలో కూడా అదే చెప్పింది. యజమానికి నోటీసివ్వాలి. అతని ఎదుటే నమూనాను రెండు భాగాలు చేయాలి. రెండింటికీ సీలు వేసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒక సీసాడు మురికినీటి పట్ల చట్టానికి ఎంత శ్రద్ధ!

అంతసేపూ ఇద్దరు మనుషులు బండి గొట్టం పట్టుకుని గుంట పక్కనే ఉన్నారు. చేతులకు తొడుగుల్లేవు. వాళ్ళ గురించి ఫారంలో ఏ గడీ లేదు. అడిగితే, "వాళ్ళు నా పరిధిలోకి రారే. వాళ్ళని చూడాల్సింది వేరే శాఖ," అంది నా స్నేహితురాలు. అబద్ధం కాదు. ఆమె తన పని నిజాయితీగానే చేస్తోంది. నన్ను వదలని ప్రశ్న కూడా అదే. నిజాయితీగా చేసిన పనిలోంచి ఇద్దరు మనుషులు ఎలా జారిపోయారు?

తనిఖీ అనగానే ఆడవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. కోడలి వంటింటి డబ్బాలు తెరిచి చూసే అత్తగారినుంచి హాస్టలు వార్డెను దాకా మనమీద సాగిన చూపులన్నీ గుర్తొస్తాయి. అందుకే చూపును అధికారంగా విమర్శించడం మనకు అలవాటైంది. ఆ విమర్శ అవసరమే. కానీ తెలుగులో ‘చూడటం’ పక్కనే ‘చూసుకోవడం’ అనే మాట కూడా ఉంది. ఇంట్లో చూసుకోవడానికి ప్రేమ చాలంటారు. ముక్కూమొహం తెలియని మనిషి ప్రాణాన్ని ఎవరు చూసుకోవాలి? అక్కడ ప్రేమ మీద ఆధారపడలేం. విసుగుపుట్టించే రిజిస్టరూ, తేదీ వేసిన సంతకమే అక్కడ అక్కర. తనిఖీ లేకపోవడం వాళ్ళకు స్వేచ్ఛ కాదు, వదిలేయబడటం.

ఫారంలో ‘దుర్వాసన’ అనే గడి ఉంది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళ కోసం పెట్టింది అది. మూసిన ట్యాంకుల్లో చేరే హైడ్రోజన్ సల్ఫైడు కొద్దిగా ఉంటే కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుంది. మోతాదు బాగా పెరిగితే వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. కంపు తెలియకుండా పోయిన క్షణమే ట్యాంకులో దిగిన మనిషికి ప్రాణాంతకం. బయటివాళ్ళ ముక్కుతో కొలిస్తే లోపలివాళ్ళ ప్రమాదం తెలియదు.

పాకీపనిని నిషేధించిన 2013 చట్టం, రక్షణ పరికరాలు లేకుండా మనుషులచేత సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేయించడం నేరమంది. దానికీ ఇన్‌స్పెక్టర్లను నియమించవచ్చంది. సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్తూ, 1993 నుంచి ఈ పనిలో చనిపోయిన ప్రతివారి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరులో మరో కేసులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. ఇవి పోరాడి సాధించుకున్నవి. కానీ పరిహారం లెక్క మరణం తర్వాతే మొదలవుతుంది. ఆ డబ్బు కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది భార్య. "అతను మా మనిషే కాదు" అని కాంట్రాక్టరు అంటే ఆమె ఏ కాగితం చూపించాలి? బండ్ల నంబర్లు రాసిన పుస్తకంలో ఆ బండితో వచ్చిన మనిషి పేరు లేదు. బతికుండగా ఏ రిజిస్టరూ రాసుకోని మనిషి చనిపోయినట్టు రుజువు చేయడం ఆమె వంతవుతోంది. ఖాళీ గడి మూల్యం చివరికి ఒక స్త్రీ చెల్లిస్తోంది.

‘నా పరిధి కాదు’ అనే మాట కొత్తది కాదు. శ్రమ విభజన పేరుతో శ్రామికులనే ఎలా విడదీశారో అంబేద్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో చూపించారు. ఒకరికి మలం, ఒకరికి దాని లెక్క, ఒకరికి దాని గురించిన వ్యాసం. బండి వచ్చినప్పుడు కిటికీలు మూసుకునే మన ఇళ్ళూ ఆ విభజనలోనివే. మైల, అంటు అనే మాటలతో నెలనెలా మూలన కూర్చోబెట్టబడిన మనకు, ఆ మాటల బరువు ఇంకొకరి మీద జీవితాంతం ఉంటుందన్న సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

పరిధి లేకుండా ఎవరూ పనిచేయలేరన్న నా స్నేహితురాలి వాదన నాకు అర్థమవుతుంది. కానీ చర్య తీసుకునే అధికారం ఎక్కడ ఆగుతుందో, కంటపడింది రాసే బాధ్యత కూడా అక్కడే ఆగాలని లేదు. ఆ ఫారం చివర ‘ఇతర విషయాలు’ అని నాలుగు గీతలున్నాయి. అందులో ఇద్దరి పేర్లు, తొడుగులు లేవన్న సంగతి, తేదీ రాయొచ్చు. వాళ్ళని అడిగి, వాళ్ళ సంతకం కూడా తీసుకోవచ్చు. నమూనా సీసా మీద యజమానికున్న పాటి హక్కు, తన చేతుల గురించి రాసిన వాక్యం మీద ఆ మనిషికి ఉండాలి.