మూడవ ఆడపిల్ల ఎవరి తప్పు?

పాలకొండ ప్రాంతములో ఒక ఇంట మూడవ ఆడపిల్ల పుట్టినదని ప్రార్థనకు పిలువగా వెళ్లితిని. గుమ్మములోనే అత్తగారు, "అయ్యగోరూ, దీని కడుపున గుంటడు రాసి నేదు గావాల" అనెను. కోడలు గోడవైపు తిరిగి పండుకొనియుండెను.

చోళ్లు చల్లి, గంటెలు మొలవలేదని మీలో ఎవరైనను పొలమును తిట్టుదురా? ఈ ఉపమానము కొంతవరకే చెల్లును. తల్లి వట్టి నేల కాదు, సగము విత్తనము ఆమెదే. మన శరీరకణములలో 46 క్రోమోజోములు, అనగా 23 జతలు కలవు. ఒక జత స్త్రీకి ఎక్స్, ఎక్స్. పురుషునికి ఎక్స్, వై. తల్లి అండము ఎప్పుడును ఎక్స్‌నే ఇచ్చును. తండ్రి బీజములలో ఇంచుమించు సగము ఎక్స్‌ను, సగము వైని మోయును. అమెరికాలో నెట్టీ స్టీవెన్స్ అను స్త్రీ ఒక పురుగులో ఈ భేదమును 1905లోనే చూపెను. గర్భములో సుమారు ఆరు వారములవరకు ఆడ, మగ బీజకోశములు ఒక్కతీరుగానే యుండును. పిమ్మట వై మీది ఎస్.ఆర్.వై. అను జన్యువు వాటిని మగదారికి మళ్లించును. దానిని 1990లో లండను శాస్త్రజ్ఞులు గుర్తించిరి. మరుసటి యేట దానిని ఎక్స్, ఎక్స్ గల చుంచెలుక పిండములో చేర్చగా మగ ఎలుక పుట్టెను.

కోళ్లలో లెక్క తలక్రిందులు. అక్కడ రెండు వేరు క్రోమోజోములు పెట్టకే కలవు. అత్తగారు కోడిపెట్టను తిట్టియుండినయెడల శాస్త్రము కొంత ఒప్పుకొనియుండును!

ఇదంతయు తేలిక మాటలలో చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "అయితే తప్పు మావోడిదా?" అనెను. కుమారుడు తల వంచుకొనెను. నేను చేసినదేమి? నిందను ఒక తలమీదినుండి తీసి మరియొక తలమీద పెట్టితిని. కోట్ల బీజములలో ఏది ముందు చేరునో ఏ తండ్రి యెన్నుకొనగలడు? ముగ్గురు బిడ్డలుగల ఎనిమిది ఇండ్లలో సుమారు ఒక ఇంట ముగ్గురును ఆడపిల్లలే యుందురు. పిల్ల నష్టమని ముందే ఒప్పుకొన్నందుననే గదా తప్పెవరిదని వెదకుచున్నాము! ఆ వెదకులాటయే కొందరిని స్కానింగు గదివరకు నడిపించినది. 1994 నాటి చట్టము ప్రకారము అక్కడ ఆడో మగో అడుగుటయు, చెప్పుటయు నేరమే.

నన్ను నేను తప్పించుకొనను. లేయా కుమారుల పేర్లకు అర్థములు వివరించుచు ఎన్నో ప్రసంగములు చేసితిని. దీనా పేరు వచ్చినచోట ఒక్కనాడును ఆగలేదు. మగబిడ్డ పుట్టిన ఇంట నా ప్రార్థన పొడవుగా నుండునని నా భార్య యెన్నడో చెప్పినది, అప్పుడు నవ్వితిని.

ఆ దినమున ప్రార్థన ముగించి, బిడ్డకు పేరేమి పెట్టుదురని అడిగితిని. ఎవరును ఆలోచింపలేదట.