నాలుగు మెట్లు, ఒక ఓటు

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ పోలింగు జరిగింది. ఆ రోజు ఉదయం మా వీధి చివరి పాఠశాలలో నేనూ వరుసలో నిలబడ్డాను. ఎనభై దాటిన ఒక మామ్మగారు ఆటోలో వచ్చారు. ఆమెకు మోకాళ్ళు వంగవు. వరండా ఎక్కడానికి నాలుగు మెట్లున్నాయి. మెట్ల పక్కనే సిమెంటుతో కట్టిన ర్యాంపు ఉంది. కాని దాని మీద విరిగిన బల్లలు పేర్చి ఉన్నాయి. ఇద్దరు కుర్రాళ్ళు ముందుకు వచ్చి, ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా పైకి ఎత్తుకెళ్ళారు. వరుసలో ఉన్న మేమంతా చప్పట్లు కొట్టాము.

ఆమెను కిందికి దించాక దగ్గరకు వెళ్ళి, “మామ్మగారూ, మొత్తానికి ఓటు వేసేశారు!” అన్నాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకున్నారు. “వేశాను నాయనా. కాని ఊరందరి ముందూ ధాన్యం బస్తాలా మోసుకెళ్ళారు. ఇక రాను” అన్నారు.

ఆ మాట నన్ను చాలాకాలం వదలలేదు. మేము చేసింది మంచిపనే కదా! మరి ఆమె మనసు ఎందుకు నొచ్చుకున్నట్లు?

దయ గొప్ప గుణం. అందులో సందేహం లేదు. ఆ కుర్రాళ్ళను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వారు లేకపోతే ఆమె ఓటు వేయకుండానే తిరిగి వెళ్ళేవారు. కాని ఒక్క విషయం ఆలోచించండి. ఓటు మనం ఆమెకు పెట్టే భిక్ష కాదు. రాజ్యాంగంలోని 326వ అధికరణం వయోజనులందరికీ ఇచ్చిన హక్కు అది. నాకు ఆ హక్కును ఉపయోగించుకోవడానికి నా కాళ్ళు చాలు. ఆమె మాత్రం ఇద్దరి దయ కోసం ఎదురుచూడాలి, పదిమంది చూపులు భరించాలి. హక్కు ఒకటే అయినప్పుడు, దానికి ఆమె చెల్లించిన మూల్యం ఎందుకు ఎక్కువ కావాలి? న్యాయం జరగవలసిన చోట దయ చూపించి సరిపెట్టుకుంటే, ఆ దయ కూడా మనిషిని చిన్నబుచ్చుతుంది.

ఇది కేవలం అభిమానానికి సంబంధించిన విషయం కూడా కాదు. ఒకరి చేతుల మీద ఆధారపడి ఓటు వేసేవారికి ఆ చేతుల పట్ల ఋణం ఏర్పడుతుంది. ఎన్నికల రోజున ముసలివారి ఇళ్ళ ముందు ఆటోలు ఆగడం మనం ఎరుగనిది కాదు. “రండి పెద్దమ్మా, మేము తీసుకువెళతాం, మళ్ళీ ఇంటి దగ్గర దింపుతాం” అంటారు. దారి పొడవునా గుర్తు ఏదో గుర్తుచేస్తూనే ఉంటారు! అందుకే అభ్యర్థులు ఓటర్లను ఉచితంగా వాహనాలలో పోలింగు కేంద్రాలకు చేరవేయడాన్ని 1951 ప్రజా ప్రాతినిధ్య చట్టం అవినీతి చర్యల జాబితాలో చేర్చింది. సహాయానికి వెల ఉండవచ్చునని చట్టానికి తెలుసు. దారి సరిగా ఉన్నవారికి ఆ ఆటో అక్కరలేదు. దారి లేనివారే దానికి లోబడవలసి వస్తుంది.

చూపులేనివారి సంగతీ ఇలాంటిదే. 1961 ఎన్నికల నిర్వహణ నియమాలలోని 49ఎన్ నియమం ప్రకారం, ఓటింగు యంత్రం మీద గుర్తును గుర్తించలేనివారు, సహాయం లేకుండా మీట నొక్కలేనివారు పద్దెనిమిదేళ్ళు నిండిన ఒకరిని తోడు తీసుకువెళ్ళవచ్చు. ఆ తోడు వెళ్ళినవారు ఓటును రహస్యంగా ఉంచుతామని రాసి ఇవ్వాలి. ఒకరు ఆ రోజున ఒక్కరికి మాత్రమే తోడు వెళ్ళాలి. ఎంత జాగ్రత్తగా రాశారో గమనించారా? ఒకే మనిషి పదిమంది చేతులు పట్టుకుని వెళితే, ఆ పది ఓట్లూ ఎవరివవుతాయో నియమం రాసినవారికి తెలుసు.

అంతకన్నా మంచి మార్గానికి పునాది మన గడ్డ మీదే పడింది. 2004లో హైదరాబాదులోని ఆసిఫ్‌నగర్ శాసనసభ స్థానానికి జరిగిన ఉప ఎన్నికలో, ఓటింగు యంత్రం మీద బ్రెయిలీ అంకెలను ప్రయోగాత్మకంగా వాడారు. 2009 సార్వత్రిక ఎన్నికల నాటికి ఆ ఏర్పాటు విస్తరించింది. బ్రెయిలీ వచ్చిన ఓటరు తన వేలితో తడిమి, తన ఓటు తానే వేయగలుగుతున్నాడు. ఆ ఓటు గురించి భార్యకు కూడా చెప్పనక్కరలేదు. అయినా లోటు పూర్తిగా తీరలేదు. మీట నొక్కాక వీవీప్యాట్ యంత్రంలో చీటీ ఏడు సెకన్లు కనబడుతుంది. చూపున్నవాడు చదివి నిశ్చింతగా వెళతాడు. చూపులేనివాడు నమ్మకం మీదనే ఇంటికి వెళ్ళాలి.

“ఇంత చిన్న విషయానికి ఇంత చర్చ ఎందుకు? నాలుగు ఓట్లు తగ్గితే ఫలితం మారుతుందా?” అని కొందరు అంటారు. మారవచ్చు! 1989 లోక్‌సభ ఎన్నికలలో అనకాపల్లి స్థానంలో గెలుపోటముల తేడా కేవలం 9 ఓట్లు. కాని నేను ఆ లెక్క మీద వాదించదలచుకోలేదు. లక్ష ఓట్ల ఆధిక్యం వచ్చినచోట కూడా ఆ మామ్మగారి ఓటు విలువ తగ్గదు. ఓటు ఫలితాన్ని తేల్చడానికి మాత్రమే కాదు, “నీవూ మాలో ఒకరివి” అని సమాజం చెప్పే మాట కూడా. ఆసామీ, అతని పొలంలో కూలీ ఒకే వరుసలో నిలబడే రోజు అది. ఆ వరుసలోనికి రానివ్వని మెట్టు, “నీవు మాలో లెక్కకు రావు” అని ఆమెకు చెప్పినట్లే.

మరి ఇంటి వద్దనే ఓటు వేయవచ్చు కదా అంటారా? 2024 లోక్‌సభ ఎన్నికలలో 85 ఏళ్ళు దాటినవారికీ, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నట్లు ధృవపత్రం ఉన్నవారికీ ఆ వీలు దేశమంతటా కల్పించారు. 12డి ఫారంతో ముందుగా దరఖాస్తు చేసుకోవాలి. మంచం పట్టినవారికి ఇది నిజంగా మేలు. కాని మా మామ్మగారిని చూడండి. వయస్సు 85కు చేరలేదు, మోకాళ్ళకు ధృవపత్రం లేదు. ఆమెకు ఆ మెట్లే గతి. పైగా, ఇంటి ఓటు కోరుకునేవారికి అది హక్కుగా ఉండాలి. “ఇంట్లోనే ఉండండి, మాకు ర్యాంపు పని తప్పుతుంది” అనే సాకు కాకూడదు. వారు వరుసలో కనబడటం మానేస్తే, మనం వారిని మరచిపోవడమూ సులభమవుతుంది.

చట్టానికేమీ కొరత లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 11వ సెక్షను, అన్ని పోలింగు కేంద్రాలూ వికలాంగులకు అందుబాటులో ఉండేలా చూసే బాధ్యతను ఎన్నికల సంఘాల మీద ఉంచింది. మా పాఠశాలలోనూ ర్యాంపు ఉండనే ఉంది. చట్టం ర్యాంపు కట్టించింది. దాని మీద బల్లలు పేర్చింది మాత్రం మనమే.

నా మనస్సాక్షి నన్ను అడిగే ప్రశ్న ఇదే. ఆమె ఆటో దిగక ముందు అరగంటసేపు నేను ఆ వరుసలోనే నిలబడి ఉన్నాను. ఆ బల్లలు నా కళ్ళెదుటే ఉన్నాయి. నలుగురం కలిసి ఐదు నిమిషాలు శ్రమపడితే తీసి పక్కన పెట్టేవాళ్ళం. ఎవరికీ తోచలేదు. నా కాళ్ళకు మెట్లు అడ్డం కాలేదు కాబట్టి నాకు అక్కడ అడ్డం కనబడలేదు. చప్పట్లు కొట్టడానికి మాత్రం చేతులు ఆడాయి!

కనుక, ప్రియ పాఠకులారా, వచ్చే ఎన్నికలకు ముందు ఒక పని చేద్దాం. మీ పోలింగు కేంద్రం ఏదో తెలుసుకుని, వారం ముందుగా ఒకసారి వెళ్ళి చూడండి. ర్యాంపు ఉందా? ఉంటే దాని మీద ఏముంది? చక్రాల కుర్చీ గుమ్మంలో పడుతుందా? లేకపోతే బూత్ స్థాయి అధికారికి చెప్పండి, కాగితం మీద రాసి ఇవ్వండి. కొన్ని ఊళ్ళలో మన విచారణ పాఠశాలల గదులే పోలింగు కేంద్రాలవుతాయి. అక్కడి ఉపాధ్యాయులు ఇంకొకరి కోసం చూడనక్కరలేదు. మీ వీధిలో ఇల్లు కదలలేని పెద్దలుంటే, 12డి ఫారం గడువు దాటక ముందే వారిని కలవండి. ఎవరికి ఓటు వేస్తారని మాత్రం అడగకండి!

ఆ మామ్మగారి ఇంటికి నేను తరువాత ఒకసారి వెళ్ళాను. “మామ్మగారూ, ఈసారి ర్యాంపు మీద ఏమీ ఉండదు, నేను చూసుకుంటాను” అన్నాను. ఆమె కాసేపు నా ముఖం వంక చూసి, “అయితే ఎవరూ నన్ను ఎత్తుకోనక్కరలేదు కదా?” అని అడిగారు.

అక్కరలేదని మాట ఇచ్చాను. ఆ మాట నిలబెట్టుకోవలసిన బాధ్యత ఇప్పుడు నాది.