మొత్తం సరే, వరస మాటేమిటి?

నెలగంట పెట్టిన దగ్గర్నుంచీ వారపత్రికల్లో ముగ్గులు మొదలవుతాయి. ముగ్గు కింద చిన్న అక్షరాల్లో ఒక ముక్క ఉంటుంది: "15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు". అంతే. దానికి ఎవరూ వ్యాఖ్యానం అడగరు. లెక్కలంటే నాకు తలనొప్పి అని జీవితమంతా చెప్పుకునే ఇల్లాలు కూడా, కళ్ళాపి ఆరకముందే వాకిట్లో మధ్య వరస 15 చుక్కలు పెట్టి, పైకి 14, 13, 12 అనుకుంటూ 8 దాకా, కిందికీ అలాగే 8 దాకా పెట్టుకుంటూ పోతుంది. ఒక్క చుక్క తప్పదు. కావాలంటే కూడి చూడండి, మొత్తం 169 చుక్కలు.

కాలేజీ పిల్లలు చూసి బెదిరిపోయే సిగ్మా గుర్తు చేసే పని సరిగ్గా ఇదే. అది గ్రీకు అక్షరం. ఆయిలర్ అనే మహాగణితవేత్త 1755లో అచ్చయిన తన పుస్తకంలో కూడికకి దాన్ని గుర్తుగా వాడాడు. ఆ అక్షరం కింద ఎక్కడ మొదలుపెట్టాలో రాస్తారు, పైన ఎక్కడ ఆగాలో రాస్తారు, పక్కన ఏ పద్ధతిలో నడవాలో రాస్తారు. అప్పుడు సిగ్మా "వీటన్నిటినీ కూడండి" అంటుంది. ముగ్గు కింద రాసిన ముక్కకీ దీనికీ లిపి తేడా తప్ప ఇంకేముంది? మొదలు, పద్ధతి, ఆగే చోటు. ఈ మూడూ తెలిసిన మనిషికి సిగ్మా తెలియదని ఎలా అంటాం?

ఇలా ఒక పద్ధతి ప్రకారం ఒకదాని తరవాత ఒకటి వచ్చే అంకెల్ని లెక్కల పుస్తకాల్లో అనుక్రమం అంటారు. మన ఇళ్ళల్లో వరస అంటాం. ఎంత మంచి మాటో చూడండి. చుక్కలకీ వరసే, సంగీతం మొదలుపెట్టిన పిల్ల పాడే సరళీ వరసలకీ వరసే. పెళ్ళిలో కొత్తవాళ్ళు తటస్థపడితే "ఆవిడ మీకు ఏం వరస?" అని అడుగుతాం. ఎవరి తరవాత ఎవరు అన్నదానికీ, ఎవరికి ఎవరు ఏమవుతారు అన్నదానికీ మన భాషలో ఒకటే మాట. ఆ మాట కొంచెం గుర్తుపెట్టుకోండి, తరవాత పని ఉంది.

కూడిక కూడా మనకి పరాయిది కాదు. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన అనే ఆయన, మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగు కావ్యం కళ్ళు తెరుస్తున్న కాలంలోనే తెలుగు లెక్క కూడా కళ్ళు తెరిచిందన్నమాట. అందులో చదరంగం గళ్ళ లెక్క ఉంది. మొదటి గడికి 1, రెండోదానికి 2, మూడోదానికి 4, అలా రెట్టిస్తూ 64 గళ్ళూ నింపితే మొత్తం ఎంత? ఇప్పటి మన లెక్కలో రాస్తే 18446744073709551615. ఇరవై అంకెలు! మల్లనగారు దాన్ని అంకెల్లో కాక మాటల్లో చెప్పాడు. బాణాలంటే 5, చంద్రుడంటే 1, ఆకాశమంటే సున్న, వేదాలంటే 4, ఇలా ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఇరవై అంకెల్నీ ఒక్క పద్యంలో కూర్చాడు. ఆ మొత్తానికి ఆయన వాడిన మాట సంకలితం.

ఇక్కడి నుంచి నాకు ఒక సందేహం మొదలవుతుంది.

కూడికకి ఒక మంచి గుణం ఉంది. ఏది ముందు కూడినా, ఏది వెనక కూడినా ఫలితం ఒకటే. కాళేశ్వరరావు మార్కెట్లో ముందు వంకాయలు కొని తరవాత గోంగూర కొన్నా, ముందు గోంగూర కొని తరవాత వంకాయలు కొన్నా పర్సులోంచి పోయేది అంతే. వరసని పట్టించుకోకపోవడం కూడికకి సుఖం. మరి మనుషుల విషయంలో కూడా అంతేనా? మొత్తం సరిపోయింది కదా అనేస్తే న్యాయం జరిగినట్టేనా?

దీనికి జవాబు వెతకాలంటే లెక్కల్లోనే ఇంకో గది తలుపు తియ్యాలి. వరసల్ని లెక్కపెట్టే గది అది. రెండు వస్తువుల్ని రెండు రకాలుగా వరసలో పెట్టవచ్చు. మూడింటిని ఆరు రకాలుగా. నాలుగింటిని ఇరవైనాలుగు రకాలుగా. ఒకటీ రెండూ మూడూ నాలుగూ ఒకదానితో ఒకటి గుణిస్తే 24 వస్తుంది కదా, అదే ఈ లెక్క. దీన్ని ఫాక్టోరియల్ అంటారు, తెలుగులో క్రమగుణితం. 1808లో క్రాంప్ అనే ఆయన దీనికి గుర్తుగా ఆశ్చర్యార్థకాన్ని పెట్టాడు. ఎందుకు పెట్టినా, అతికినట్టు సరిపోయింది. ఇది పెరిగే తీరు చూస్తే ముక్కు మీద వేలు వేసుకోవాల్సిందే. అయిదింటికి 120. పదింటికి 36,28,800. అన్ని సెకన్లంటే ఎంతకాలమో తెలుసా? సరిగ్గా ఆరు వారాలు. మీరు పది పుస్తకాల్ని బీరువాలో సెకనుకో వరస చొప్పున మార్చి మార్చి పెడుతూ కూర్చుంటే, అన్నం నీళ్ళు లేకుండా, ఈ పత్రిక సంచికలు ఆరు వచ్చేదాకా లేవరన్నమాట.

భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో ఈ లెక్క దేవుళ్ళతోనే చేయించాడు. శివుడి పది చేతుల్లో పది ఆయుధాలూ చేతులు మారుతూ పోతే ఎన్ని మూర్తులవుతాయి? పైన చెప్పిన ముప్ఫై ఆరు లక్షల చిల్లర. విష్ణువు నాలుగు చేతుల్లో శంఖమూ, చక్రమూ, గదా, పద్మమూ చేతులు మారితే ఎన్ని? ఇరవైనాలుగు. పూజకి ముందు చదివే కేశవనామాలు ఎన్నో మీరే లెక్కపెట్టుకోండి. అవీ ఇరవైనాలుగే. శిల్పశాస్త్రం ఆ ఇరవైనాలుగు మూర్తుల్నీ గుర్తుపట్టేది ఏ చేతిలో ఏముందో చూసే. వస్తువులు అవే నాలుగు, స్వామి ఆయనే, మొత్తంలో తేడా లేదు. కానీ ఒక వరసలో ఆయన కేశవుడు, ఇంకో వరసలో నారాయణుడు. వరస మారితే దేవుడికే పేరు మారిపోయింది.

దేవుడి దగ్గర్నుంచి వీధిలోకి వద్దాం. పన్నెండుమంది ఇల్లాళ్ళు కలిసి వేలం పాట లేని చీటీ వేసుకున్నారనుకోండి. నెలకి తలా వెయ్యి రూపాయలు. నెలకొకరికి పన్నెండు వేలు. ఏడాది తిరిగేసరికి ప్రతి ఒక్కరూ పన్నెండు వేలు కట్టారు, పన్నెండు వేలు పుచ్చుకున్నారు. సిగ్మాకి అందరూ సమానమే. కానీ జూన్‌లో పిల్లవాడి ఫీజు కట్టాల్సిన తల్లికి ఆ డబ్బు జూన్‌లో వస్తే చదువు, ఫిబ్రవరిలో వస్తే అప్పు తీర్చుకోవడం. పన్నెండుమందిని వరసలో పెట్టే మార్గాలు 47,90,01,600. అందులో మనకి ఏది దక్కిందన్నదే మన బతుకు. మొత్తాన్ని బట్టి ఆ తల్లి కష్టం ఎవరికి తెలుస్తుంది?

ఇప్పుడు వంటింట్లోకి రండి. ఏడుగురున్న కుటుంబం. అత్తగారు, మామగారు, భర్త, మరిది, ఇద్దరు పిల్లలు, ఇల్లాలు. కొరమీను పులుసు పెట్టారు, పద్నాలుగు ముక్కలు. ఏడుగురికి పద్నాలుగంటే తలకి రెండు. లెక్క ఎంత చక్కగా ఉంది! కానీ పులుసు గిన్నె లెక్కల పుస్తకం కాదు. మామగారికి మూడు వడ్డించాలి, మరిదికి మూడు లేకపోతే ముద్ద దిగదు, పిల్లలు ఇంకోటి అంటారు. చివరికి గిన్నెలో మిగిలేది పులుసూ, ఓ తోక ముక్కా. రాత్రి ఎవరైనా అడిగితే "ఏడుగురం కడుపునిండా తిన్నాం" అంటారు. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. అది మొత్తం.

ఆ ఏడుగురూ భోజనానికి కూర్చునే వరసలు ఎన్ని? ఏడుకి ఫాక్టోరియల్, 5040. అందులో ఇల్లాలు చివర తినేవి ఎన్ని? ఆవిణ్ణి చివర కూర్చోబెట్టి మిగతా ఆరుగుర్నీ తిప్పితే 720. అంటే ఏడింట ఒక వంతు. వరసని చీట్లు వేసి తేల్చుకునే ఇల్లయితే ఆవిడ చివర తినేది సగటున వారానికి ఒక్కరోజు. తక్కిన 4320 వరసల్లోనూ ఆవిడ తరవాత తినే మనిషి ఒకరైనా ఉంటారు. ఇంట్లో నలుగురే ఉంటే నాలుగు రోజులకి ఒకసారి చివరి వంతు వస్తుంది. మరి మనకి తెలిసిన ఎన్ని ఇళ్ళల్లో ఎన్నేళ్ళుగా ఎన్ని రోజులు ఆవిడ చివర తింటోంది? ఇన్ని వేల వరసలుండగా ఆ ఒక్క చోటు మాత్రం కదలకపోవడం యాదృచ్ఛికం అని ఏ లెక్కల మాస్టారూ ఒప్పుకోడు.

"అందులో తప్పేముంది, అది ప్రేమ కదా" అంటారని నాకు తెలుసు. నిజమే, ప్రేమ ఉంది. జ్వరం వచ్చి లేచిన పిల్లాడికి ముందు పెట్టడం ప్రేమ. దూరం నుంచి వచ్చిన చుట్టానికి ముందు వడ్డించడం మర్యాద. ఆ వరస అవసరాన్ని బట్టి వచ్చింది, అవసరంతో పాటు మారుతుంది. కానీ జ్వరం తగ్గినా, చుట్టాలు వెళ్ళిపోయినా, తనకే ఒంట్లో బాగాలేకపోయినా మారని చోటు ఒకటుంటే, అది ప్రేమ వల్ల వచ్చిందా, అలవాటు వల్ల వచ్చిందా అని అడగాలి కదా! "అమ్మకి అలాగే ఇష్టం" అని పిల్లలు అంటారు. ఇష్టం అనాలంటే ఇంకో వరస కూడా ఎదురుగా ఉండాలి. ఒక్కటే దారి ఉన్నప్పుడు నడిచినదాన్ని ఇష్టపడి నడిచానని ఎలా చెప్పగలం?

మన ఊరి కాలువలే చూడండి. బెజవాడలో ఉన్నవాళ్ళం ఏలూరు కాలువా, రైవస్ కాలువా, బందరు కాలువా దాటకుండా నాలుగు పనులు చేసుకోలేం. 1855లో ఆనకట్ట పూర్తయింది, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. డెల్టాలో సుమారు పదమూడు లక్షల ఎకరాలు ఆ నీటి మీదే ఆధారపడ్డాయి. కాలువలకి ఇన్ని వేల క్యూసెక్కులు వదిలామంటారు. అది మొత్తం. కానీ నాగాయలంక వైపో, కృత్తివెన్ను వైపో ఉన్న రైతుని అడగండి. "మొత్తం సరేనండీ, మా శివారుకి ఎప్పుడొస్తాయి?" అంటాడు. ఎగువన ఉన్న మళ్ళన్నీ తడిసి మిగిలిన నీరు శివారుకి చేరేసరికి నారు ముదిరిపోతుంది. నీటికి ఎవరి మీదా పగ లేదు, పల్లానికి పోవడమే దానికి తెలుసు. అయినా నీటి ఎద్దడి వచ్చిన ఏడు వంతులు పెడతారు. ఇన్ని రోజులు ఎగువకి, ఇన్ని రోజులు దిగువకి. ఆ వంతులవల్ల నీరు ఒక్క చుక్క పెరగదు. వరస మారుతుంది, శివారు పొలం బతుకుతుంది. పొలానికి చేసే ఈపాటి న్యాయం, ఇంటికి శివారు భూమిలాగా బతికే మనిషికి చెయ్యలేమా?

ఇందులో మగవాళ్ళని మాత్రమే అనడానికి లేదు. ఈ వరసని కాపలా కాసేది చాలాసార్లు ఆడవాళ్ళమే. "మా అత్తగారు ఉన్నంతకాలం నేను చివరే తిన్నాను" అని గర్వంగా చెప్పి, కోడలు నలుగురితో పాటు కంచం ముందు కూర్చుంటే మొహం ముడుచుకుంటాం. ఫాక్టోరియల్ కూడా ఇలాగే నడుస్తుంది. ఏ మెట్టు విలువా సొంతంగా రాదు, వెనక మెట్టుకి వచ్చినదాన్ని తీసుకుని తన అంకెతో గుణించుకుంటుంది. అందుకే మొదటి మెట్టు ఎంతో ముఖ్యం. వస్తువు ఒక్కటీ లేనప్పుడు కూడా గణితవేత్తలు ఫాక్టోరియల్ విలువ సున్న అనరు, ఒకటి అంటారు. ఖాళీ బీరువాని ఖాళీగా ఉంచడానికీ ఒక పద్ధతి ఉందిగా మరి! అక్కడ సున్న పెట్టి ఉంటే ఆ పైన గుణించిన ప్రతిదీ సున్నే అయ్యేది. మన ఇళ్ళల్లో అత్తగారి నుంచి కోడలికీ, తల్లి నుంచి కూతురికీ వచ్చేది కూడా ఇలా గుణించుకుంటూ వచ్చేదే. వెనకటి మెట్లు మన చేతిలో లేవు. మన మెట్టు ఉంది. అది మారితే తరవాతవన్నీ మారతాయి.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇప్పుడు తియ్యండి. వరస అంటే ఎవరి తరవాత ఎవరన్నది మాత్రమే కాదు, ఎవరికి ఎవరు ఏమవుతారన్నది కూడా. ఇంట్లో అందరూ తిన్నాక తినే మనిషి ఆ ఇంటికి ఏమవుతుంది అన్న ప్రశ్న పద్నాలుగు ముక్కల కూడికలో దొరకదు. కంచాలు పెట్టే వరసలో దొరుకుతుంది. ఆ వరస మారాలంటే బియ్యం ఎక్కువ పొయ్యనక్కర్లేదు, చేపలు ఎక్కువ కొననక్కర్లేదు. ఒక పూట ఇంకెవరో లేచి గరిటె అందుకోవాలి. ఇల్లాలు దాన్ని వదిలిపెట్టాలి. ఈ రెండింట్లో ఏది ఎక్కువ కష్టమో మీ ఇంట్లో మీకే తెలుస్తుంది.